పాత అంబాసిడర్ పెట్రోల్ ట్యాంక్ కడుగుతున్నారా..? ఖాళీగానే ఉంది కదా అని ఈ తప్పు అస్సలు చేయొద్దు!

ఇంటి వెనక షెడ్డులో ఏళ్లుగా దుమ్ము పట్టిన అంబాసిడర్.. తాతల నాటి గుర్తు. దాన్ని మళ్లీ సిద్దిపేట రోడ్ల మీద తిప్పాలని ఇంట్లో వాళ్లకు ఆశ. ఇంజిన్, పెయింటింగ్ మీద పెట్టినంత శ్రద్ధ పెట్రోల్ ట్యాంక్ మీద మాత్రం పెట్టరు. కానీ పాత కారు బాగుచేసేటప్పుడు ప్రాణం మీదకు తెచ్చేది ఇదే. ట్యాంకును ఎలా కడగాలి? కారు రెడీ అయ్యే వరకు ఎలా దాచాలి? తెలుసుకుందాం..

ఖాళీ ట్యాంకే అసలు ప్రమాదం

పెట్రోల్ తీసేశాం కదా, ఇంకేం భయం అనుకుంటే పొరపాటే. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో ఆవిరి, గాలి రెండూ కలుస్తాయి. పైగా పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. నేల వెంబడి పాకి దూరంగా ఉన్న పొయ్యిని కూడా అందుకోగలదు. మే నెల ఎండల్లో ఆవిరి మరింత వేగంగా పుడుతుంది.

చిల్లు పడింది కదా అని నేరుగా వెల్డింగ్‌కు ఇవ్వడం పెద్ద తప్పు. సబ్బు నీళ్లతో కడిగినా తుప్పులో, అతుకుల్లో ఇంకిన పెట్రోల్ వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ఆవిరిపట్టి శుభ్రం చేసి, లోపల గ్యాస్ లేదని మీటర్‌తో చూశాకే పని మొదలుపెట్టే నిపుణులకే ఇవ్వాలి.

ఖాళీ చేయడం ఇలా..

* ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి. పని ఆరుబయట, నీడలో చేయాలి. ఫోన్, బీడీ, గ్రైండర్ దగ్గర ఉండకూడదు.
* పైపు పెట్టి నోటితో పీల్చొద్దు. పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాపాయం. చేతి పంపు వాడాలి.
* ప్లాస్టిక్ బకెట్ వద్దు. స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ పుట్టొచ్చు. ఇనుప క్యాన్‌ను నేల మీద పెట్టి పట్టాలి.
* దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగిపోయింది. అంతకు ముందు నుంచి మూలన పడ్డ బండి అయితే అడుగున మిగిలిన మడ్డిలో సీసం ఉండొచ్చు. గ్లౌజులు తప్పనిసరి.

తుప్పు వదిలేదెలా?

పెట్రోల్ మీటర్ యూనిట్, పైపులు విప్పి, వేడి నీళ్లు, డిటర్జెంట్‌తో నాలుగైదుసార్లు కడగాలి. తర్వాత లీటర్ వేడి నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంక్ నిండా పోసి ఒక రాత్రి ఉంచాలి. అది తుప్పును కరిగిస్తుంది. మొండి తుప్పు ఉంటే లోపల ఒక గొలుసు వేసి ఊపాలి. గొలుసు చివర బయటే కట్టేస్తే లోపల ఇరుక్కోదు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం వాడొద్దు. తుప్పుతో పాటు రేకునూ తినేస్తుంది.

నిమ్మ ఉప్పు నీళ్లు పారబోశాక వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచి నీళ్లతో మరోసారి కడగాలి. పెట్రోల్, మడ్డి కలిసిన నీళ్లను డ్రైనేజీలోకో, చెరువులోకో వదలొద్దు.

ఇక్కడే పని చెడేది!

శుభ్రమైన ఇనుము తడి తగిలితే కొద్ది గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. 'రేపు ఆరబెడదాం' అంటే చేసిన పనంతా వృథా. కడిగిన వెంటనే కంప్రెసర్ గాలి పట్టి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. హీట్ గన్, మంట వద్దు.

కారు రెడీ కావడానికి నెలలు పట్టేలా ఉంటే..

* పావు లీటర్ టూటీ ఆయిల్ పోసి, లోపల అన్ని గోడలకూ అంటేలా ట్యాంకును అటూ ఇటూ తిప్పాలి. మిగిలింది వంచేయాలి. ఇది పెట్రోల్‌లో కలిసిపోతుంది కాబట్టి తర్వాత ఇబ్బంది ఉండదు.
* అన్ని రంధ్రాలకు మూతలు బిగించాలి. లేదంటే వానాకాలం తేమ, పురుగులు చేరతాయి.
* సిమెంటు నేల మీద కాకుండా చెక్క మీద పెట్టాలి. ఇంట్లో, గ్యాస్ పొయ్యి ఉన్న చోట పెట్టొద్దు.
* 'లోపల ఆయిల్ ఉంది.. వెల్డింగ్ చేయొద్దు' అని చీటీ అంటించాలి. మెకానిక్ మారినా ప్రమాదం ఉండదు.
* వానాకాలంలో నెలకోసారి మూత తీసి టార్చ్‌లైట్‌తో చూడాలి.

బిగించే ముందు..

కొంచెం పెట్రోల్‌తో ఆయిల్ కడిగేసి, ఫిల్టర్, రబ్బరు పైపులు కొత్తవి వేయాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. లోపల కోటింగ్ వేయిస్తే ఇథనాల్‌ను తట్టుకునేదే అడగాలి.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అందుకే ఒరిజినల్ ట్యాంకుకు అంత విలువ. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. తాత బండి మళ్లీ రోడ్డెక్కాలంటే తొందర పడకుండా, ముందు ట్యాంకు పని జాగ్రత్తగా పూర్తి చేయాలి.