కడుపు ఉబ్బరం: వంటింటి ఉపశమనాలు, వాటి హద్దులు

శనగలు, రాజ్మా వంటివి తిన్న తరువాత కడుపు ఉబ్బరించడానికి ప్రధాన కారణం వాటిలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వీటిని అరిగించే ఎంజైము మనిషి చిన్నపేగులో ఉండదు. అవి పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియా వల్ల పులిసి వాయువును పుట్టిస్తాయి. అందుచేత గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో ఉడికించాలి. చిట్కాలన్నింటికన్నా ముందు చేయవలసినది ఇదే.

తెలుగువారి ఇళ్లలో పప్పు తాలింపులో ఇంగువ, భోజనానంతరం చిటికెడు వాము పాత అలవాట్లు. వాముకు ఆ ఘాటు థైమాల్ వల్ల వస్తుంది. అరచెంచా వామును గ్లాసు నీటిలో మరిగించి గోరువెచ్చగా తాగితే కొందరికి ఉపశమనం లభిస్తుంది. బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిసి ఉంటుంది కనుక గోధుమ పడనివారు గమనించాలి. పాలు సరిపడనివారికి పలుచని మజ్జిగ నయం. వంటసోడా నీరు మాత్రం రక్తపోటు ఉన్నవారికి తగదు. అందులో సోడియం అధికం.

ఉబ్బరం 3 వారాలు దాటినా, అకారణంగా బరువు తగ్గినా, మలంలో రక్తం కనిపించినా వైద్యపరీక్ష అవసరం. 50 ఏళ్లు పైబడిన స్త్రీలలో కొత్తగా మొదలై విడవని ఉబ్బరం అండాశయ క్యాన్సర్ లక్షణం కూడా కావచ్చు. దానిని ‘గ్యాస్’ అనుకుని వాము నీటితో సరిపెట్టుకుంటే రోగనిర్ధారణ ఆలస్యమవుతుంది.