పళ్ళకు క్లిప్పులు: పిల్లలకు ముందే చెప్పాల్సిన పాత కథ

"అన్నా, పాపకు పళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నయని క్లిప్పులు పెట్టాలంటున్నరు. రెండేండ్లు పడతదంట. పిల్ల భయపడి అన్నం సరిగ్గ తింటలేదు. ఫోన్ల నేనేం చెప్పాలె?"

ఈ మధ్య ఇలాంటి ప్రశ్న ముగ్గురు నలుగురు అడిగారు. అందుకే పోయిన ఎపిసోడ్ మొత్తం దీని మీదే మాట్లాడాను. ఆడియోలో పేర్లు, సంవత్సరాలు సరిగ్గా వినబడలేదన్నారు కాబట్టి ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఐటీఐ చదివి, ఖతార్‌లో సైటు సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. ఏ వైద్యం చేయించాలో నేను చెప్పను, అది డాక్టరు చూసుకుంటాడు. ఆ కుర్చీ, ఆ ముద్ద, ఆ తీగ ఎక్కడి నుంచి వచ్చాయో తండ్రికి తెలిస్తే పిల్లకు అబద్ధం చెప్పాల్సిన అవసరం రాదని నా నమ్మకం. దూరంలో ఉన్న మనకు పిల్లల దగ్గర ఉన్నది మాట ఒక్కటే కదా.

మన ఇళ్ళల్లో డాక్టరు పిల్లలకు మొదట బెదిరింపుగానే పరిచయమవుతాడు. "తినకపోతే సూది ఇప్పిస్తా" అంటాం. తీరా ఆస్పత్రికి తీసుకుపోయే రోజు మాట మారుస్తాం. "ఏం చెయ్యరు బిడ్డా, ఊరికే చూసి పంపిస్తరు" అంటాం. అక్కడ నోట్లో ఏదో పెడతారు. ఆ తర్వాత రెండేళ్ళు నెలనెలా అదే కుర్చీలోకి ఎక్కాలి. మొదటి రోజే మన మాట అబద్ధమని తేలితే మిగతా రోజులు ఎట్లా లాక్కొస్తాం?

పళ్ళ వరస సరిచేయడం నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు. రెండు వేల ఏళ్ళ కింద రోములో సెల్సస్ అనే రచయిత వైద్యం మీద రాసిన పుస్తకంలోనే ఈ సంగతి ఉంది. పాలపన్ను ఊడకముందే కొత్త పన్ను వెనక నుంచి వస్తే, పాలపన్ను తీసేసి, కొత్తదాన్ని రోజూ వేలితో ముందుకు నెట్టమన్నాడు. మందు లేదు, పనిముట్టు లేదు. రోజూ కొంచెం, చాలా రోజులు. ఇప్పటి క్లిప్పులు చేసేదీ అదే పని, వేలికి బదులు తీగ నెడుతుంది.

దీన్ని పద్ధతిగా పుస్తకంలో పెట్టినవాడు ఫ్రాన్సులో పియర్ ఫోషార్. 1728లో పారిస్‌లో పళ్ళ వైద్యం మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. వెండి లేదా బంగారపు సన్నటి పట్టీని పళ్ళకు ఆనించి, దారంతో కట్టి లాగేవాడు. పటకారుతో పన్నును ఒక్కసారే తిప్పేసి, కదలకుండా కట్టేయడం కూడా చేసేవాడు. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అదే మనిషి ఇంకో మంచి మాట చెప్పాడు. అప్పట్లో పళ్ళు పీకేవాళ్ళు మనిషిని నేల మీద కూర్చోబెట్టి, తలను తమ కాళ్ళ మధ్య ఇరికించుకుని పని కానిచ్చేవాళ్ళు. ఇది తప్పు, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి చేయాలని ఫోషార్ రాశాడు. మన పిల్లలు చూసి బెదిరే ఆ కుర్చీ, మొదట మనిషికి మర్యాద ఇవ్వడానికి వచ్చిందన్నమాట.

కుర్చీ వచ్చింది గానీ, దాంట్లో కూర్చున్న పిల్లతో మాట్లాడటం రావడానికి ఇంకా రెండు వందల ఏళ్ళు పట్టింది. 1920ల్లో అమెరికాలో పిల్లల పళ్ళ వైద్యం మీద వచ్చిన పుస్తకాల్లో, ఏడుపు ఆపని పిల్లల నోటిని మడిచిన గుడ్డతో మూయమనే సలహా కూడా ఉంది. చేత్తో నోరు మూసి "అరుపు ఆపితే తీస్తా" అనే పద్ధతిని తర్వాత దశాబ్దాల పాటు కాలేజీల్లో నేర్పారు. అమెరికా పిల్లల దంత వైద్యుల సంఘం తన మార్గదర్శకాల నుంచి దాన్ని పూర్తిగా తీసేసింది 2006లో. అంటే మనలో చాలామంది గల్ఫ్‌కు వచ్చేసిన తర్వాతే.

మధ్యలో 1959లో ఆడెల్‌స్టన్ అనే అమెరికన్ డెంటిస్టు ఒక చిన్న పద్ధతి రాశాడు. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి. పిల్ల వయసుకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ పనిముట్టును బయట, వేలిగోరు మీదనో అద్దంలోనో చూపించాలి. చెప్పిందే, చూపించిందే నోట్లో చేయాలి, కొత్తది కలపకూడదు. ఇంతే. ఈ రోజు దేశదేశాల డెంటల్ కాలేజీల్లో నేర్పేది ఇదే. మన సైటు వాళ్ళకు దీన్ని వివరించాల్సిన పనే లేదు. పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగులో మనం చేసేది ఇదే కదా. ఎత్తు మీదికి ఎక్కేవాడికి బెల్టు ఎక్కడ తగిలించాలో ముందే చెప్పి, చూపించి, అప్పుడు ఎక్కిస్తాం. పెద్దోళ్ళకు ఇంత చేసి పిల్లలకు చేయకపోతే ఎట్లా?

చూపించడం, చేయడం డాక్టరు చేతిలో ఉన్నాయి. చెప్పడం మాత్రం ఫోన్లోనైనా మన వంతు. ఏం చెప్పాలంటే, ఒక్కో పనికీ దాని కథ ఉంది.

మొదట నోటి అచ్చు తీస్తారు. ట్రేలో మెత్తటి ముద్ద నింపి పళ్ళకు అద్దుతారు. పిల్లలకు ఎక్కువగా ఓకరింత వచ్చేది ఇక్కడే. పాత రోజుల్లో ఆ ముద్ద ఏంటో తెలుసా? ప్లాస్టర్ ఆఫ్ పారిస్! మనం గోడలకు, సీలింగుకు వాడే సరుకే. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని మనకు తెలుసు. నోట్లోనే గట్టిపడనిచ్చి, ముక్కలుగా విరగ్గొట్టి బయటికి తీసి, మళ్ళీ ఆ ముక్కల్ని అతికించి అచ్చు తయారుచేసేవాళ్ళు. తర్వాత అగర్ వచ్చింది. అది ఎక్కువగా జపాన్ నుంచి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా ఆగిపోయింది. అప్పుడు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ వాడకం పెరిగింది. ఇప్పుడు ట్రేలో వేసేది చాలాచోట్ల అదే. రబ్బరులా ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. కొన్నిచోట్ల అదీ లేకుండా చిన్న కెమెరాతో స్కాన్ చేస్తున్నారు. అందుకని పాపతో వీడియో కాల్‌లో ఒక ఆట ఆడండి. నోట్లో చెంచా పెట్టుకుని, తల కాస్త ముందుకు వంచి, ముక్కుతో గాలి పీలుస్తూ అరవై లెక్కపెట్టమనండి. మీరూ అటు నుంచి చెంచా పెట్టుకోండి, రూములో వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

ఎక్స్‌రే తీసేటప్పుడు తల కదలకుండా చెవుల్లోకి చిన్న కడ్డీలు ఆనిస్తారు. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, అదే ఏడాది జర్మనీలో హోఫ్రాత్, తలను ఒకే చోట నిలిపి ఎక్స్‌రే తీసే పద్ధతిని ప్రచురించారు. సర్వేలో బెంచ్‌మార్క్ లాంటిదే. ఆరు నెలల తర్వాత మళ్ళీ తీస్తే పోల్చుకోవడానికి ఒకే స్థానం కావాలి. కడ్డీ చెవిలో గుచ్చుకోదు, ఆనుతుంది. ఈ ఒక్క ముక్క చెప్తే చాలు.

ఇక అసలు పని, పన్ను కదలడం. పన్ను ఎముకలో కాంక్రీటు పోసి బిగించిన యాంకర్ బోల్టు కాదు. పన్నుకు, ఎముకకు మధ్య సన్నటి నారల పొర ఉంటుంది. 1904, 1905లో స్వీడన్‌కు చెందిన శాండ్‌స్టెట్ కుక్కల పళ్ళ మీద ప్రయోగాలు చేసి చూపించాడు. పన్నును ఒక పక్కకు నెడితే నొక్కుడు పడిన వైపు ఎముక కరుగుతుంది, లాగుడు పడిన వైపు కొత్త ఎముక పుడుతుంది. అంటే పన్నుతో పాటు దాని గుంత కూడా కదులుతుంది! మరీ గట్టిగా నొక్కితే అక్కడి కణాలు చచ్చిపోయి పని ఆగిపోతుందని కూడా ఆయనే గమనించాడు. 1932లో ష్వార్ట్జ్ దానికి లెక్క కట్టాడు. సన్నటి రక్తనాళాల్లోని ఒత్తిడిని మించకూడదు, అంటే చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములు. మన వేలికి తెలియనంత బరువు. అందుకే పన్ను నెలకు సుమారు ఒక్క మిల్లీమీటరే కదులుతుంది. "గట్టిగా బిగిస్తే ఆరు నెలల్లో అయిపోదా డాక్టరుగారూ" అని అడిగే తండ్రులకు జవాబు ఈ లెక్కలో ఉంది. కాంక్రీటు క్యూరింగును తొందరపెట్టలేం, ఇదీ అంతే.

ఇప్పుడు పళ్ళ మీద కనిపించే గాడి ఉన్న బ్రాకెట్టు అమెరికా డాక్టరు ఎడ్వర్డ్ యాంగిల్ రూపం ఇచ్చిందే. 1899లో పళ్ళ కలయికను మూడు తరగతులుగా విడగొట్టింది ఆయనే, 1900లో సెయింట్ లూయిస్‌లో దీనికి మొదటి బడి పెట్టిందీ ఆయనే. 1920ల్లో ఆయన తెచ్చిన బ్రాకెట్టు గాడి 0.022 అంగుళం వెడల్పు, అర మిల్లీమీటరు దాటి కొంచెం. ఈ రోజుకీ ఆ కొలత వాడకంలో ఉంది. అప్పట్లో తీగలు బంగారం కలిపినవి కాబట్టి ఉన్నవాళ్ళ పిల్లలకే ఈ వైద్యం. 1930ల నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చి ఖర్చు దించింది. మన పిల్లల దాకా వచ్చిందంటే ఆ స్టీలు పుణ్యమే ఎక్కువ.

అంటించే జిగురు కథ మనవాళ్ళకు నచ్చుతుంది. మొదట్లో ప్రతి పన్ను చుట్టూ ఉంగరంలా లోహపు పట్టీ తొడిగేవాళ్ళు. 1955లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో బుయోనోకోర్ ఒక సంగతి గమనించాడు. ఫ్యాక్టరీల్లో లోహానికి పెయింటు పట్టడానికి ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తున్నారు, పన్నుకు పూస్తే? 30 సెకన్లు పూసి కడిగితే పన్ను పైపొర కాస్త గరుకెక్కి జిగురు గట్టిగా పట్టింది. పెయింటింగు పనివాడి తెలివి పిల్లల నోట్లోకి అట్లా వచ్చింది. పాపకు చెప్పాల్సింది: "పుల్లగా ఒక రుచి తగులుతది, వెంటనే నీళ్ళతో కడుగుతరు. క్లిప్పులు అంటించేటప్పుడు సూది ఉండదు."

ఈ సూది మాట జాగ్రత్త. క్లిప్పులు అంటించడానికి సూది అక్కర్లేదు. కానీ చోటు కోసం పళ్ళు తీయాల్సి వస్తే మత్తు సూది ఉంటుంది. అందుకని "ఎప్పటికీ సూది ఉండదు" అని మాట ఇవ్వకండి. తీసేది ఉందా లేదా ముందే డాక్టర్ని అడిగి పిల్లకు చెప్పండి.

ఇంట్లో గొడవలు వచ్చేది కూడా ఇక్కడే. "పుచ్చని పన్ను ఎందుకు పీకాలె" అని నాయనమ్మ, "డాక్టరు చెప్పిండు" అని తల్లి, మధ్యలో ఫోను పట్టుకుని మనం. ఈ గొడవ వందేళ్ళకు పైబడ్డది. యాంగిల్ ఒక్క పన్ను కూడా తీయొద్దన్నాడు, ప్రకృతి ఇచ్చిన పళ్ళన్నీ సరిపోతాయన్నాడు. కాల్విన్ కేస్ అనే డాక్టరు అందరికీ ఆ మాట కుదరదన్నాడు. 1911లో పెద్ద చర్చ జరిగింది, యాంగిల్ పక్షానిదే పైచేయి అయింది. ఆ యాంగిల్ శిష్యుడే చార్లెస్ ట్వీడ్. గురువు చెప్పినట్టే ఏళ్ళ తరబడి చేశాడు. తర్వాత తన పాత రోగుల్ని వెనక్కి పిలిచి చూస్తే చాలామందికి పళ్ళు మళ్ళీ వంకర తిరిగాయి. అప్పుడు వాళ్ళకు నాలుగు పక్కపళ్ళు తీసి, డబ్బు తీసుకోకుండా మళ్ళీ మొదటి నుంచి వైద్యం చేశాడు. ఆ కేసుల్ని 1940లో డాక్టర్ల ముందు పెట్టాడు. ప్లాను తప్పయితే తన ఖర్చుతో రీవర్క్ చేసిన కాంట్రాక్టరును మీరెంతమందిని చూశారు? నేనైతే చూడలేదు. ఇప్పటి డాక్టర్లు ఒక్కో నోటినీ కొలిచి నిర్ణయిస్తారు. నాయనమ్మకు ఈ ట్వీడ్ కథ చెప్పండి, కోపం కాస్త తగ్గొచ్చు.

నొప్పి గురించి నిజమే చెప్పాలి. అంటించేటప్పుడు పెద్దగా ఉండదు. కొన్ని గంటల తర్వాత మొదలై, మర్నాడు ఎక్కువగా ఉండి, సాధారణంగా వారంలోపు తగ్గుతుంది. పెరుగన్నం, ఇడ్లీ, జావ సిద్ధంగా పెట్టమని ఇంట్లో చెప్పండి. చెంపకు గీసుకుంటే రాయడానికి క్లినిక్కులోనే మైనం ఇస్తారు. సంక్రాంతికి సకినాలు, పల్లీ పట్టీలు, చెరుకు గడ బంద్. జామకాయ కోసుకుని తినాలి, కొరకొద్దు. ఇక్కడి నుంచి చాక్లెట్ డబ్బాలు మోసుకుపోయే మన అలవాటు కూడా రెండేళ్ళు ఆపాలి.

ఇప్పుడు మొదట్లో వేసే తీగ మెత్తగా ఉంటుంది. 1960ల ప్రాంతంలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో బ్యూలర్ నికెల్, టైటానియం కలిపి చేసిన లోహం అది. ఎంత వంచినా తన పాత ఆకారానికి తిరిగొస్తుంది. దాన్ని ఐయోవా విశ్వవిద్యాలయంలో ఆండ్రియాసెన్ 1970ల్లో పళ్ళకు తెచ్చాడు. వంకర పళ్ళకు తగిలిస్తే తీగ తాను సాఫీ అవుతూ పళ్ళను లాక్కొస్తుంది, నెమ్మదిగా, ష్వార్ట్జ్ చెప్పిన లెక్కకు దగ్గరగా.

డబ్బు కుదరక మధ్యలో ఆపేవాళ్ళు మనలో ఉన్నారు. మొదలుపెట్టకముందే మొత్తం ఎంత, వాయిదాలు ఎన్ని, రిటెయినర్ అందులో కలిసిందా లేదా అని అడిగి రాయించుకోండి. రిటెయినర్ అంటే క్లిప్పులు తీసేశాక పెట్టుకునేది. 1919లో చార్లెస్ హాలీ తెచ్చిన తీగ, ప్లాస్టిక్ పలక నమూనాయే ఇప్పటికీ నడుస్తోంది. స్లాబు పోశాక జాకీలు వెంటనే లాగేస్తామా? ఇదీ అంతే, కొత్త ఎముక గట్టిపడేదాకా పట్టి ఉంచాలి. పిల్లలు అన్నం తినేటప్పుడు దాన్ని తీసి కాగితంలో చుట్టి పక్కన పెడతారు, ఎవరో చెత్తలో వేస్తారు. దానికి మూత ఉన్న చిన్న డబ్బా ఉంటుంది, మొదటి రోజే అడిగి తీసుకోమనండి. మీద పేరు రాయమనండి.