నీళ్లు తిరగబోసిన పనమ్మాయి

సముద్రాన్ని గాజుతొట్టెలో పెంచే సరదా గురించి ఎక్కడ చదివినా ముందుగా తగిలే పేరు ఫిలిప్ హెన్రీ గాస్. ఆయన ఇంగ్లండు ప్రకృతి శాస్త్రవేత్త. 1854లో రాసిన పుస్తకానికి 'ది అక్వేరియం' అని పేరు పెట్టాడు. ఆ మాట జనం నోళ్లలో పడింది ఆ పుస్తకంతోనే. అయితే ఆయన కంటే ముందే ఇద్దరు ఆడవాళ్లు ఈ పని చేశారు. వాళ్లతోపాటు ఒక పనమ్మాయి కూడా.

మొదటావిడ ఝాన్ విల్‌ప్రూ పవర్. 1794లో ఫ్రాన్స్‌లో పుట్టింది. పారిస్‌లో బట్టలు కుట్టి బతికింది. పెళ్లయ్యాక సిసిలీ దీవిలోని మెస్సీనాలో కాపురం పెట్టింది. అక్కడి సముద్రంలో ఆర్గోనాట్ అనే ప్రాణి ఉంటుంది. ఆక్టోపస్ జాతిదే కానీ ఒంటికి పల్చని తెల్లని గుల్ల ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, వేరే ప్రాణి నుంచి కాజేసిందా అని పండితులు వాదించుకుంటున్న రోజులవి. ఈవిడ వాదనకు దిగలేదు. 1832లో గాజుతొట్టెలు చేయించి, ఆర్గోనాట్లను అందులో ఉంచి చూసింది. గుల్ల విరిగితే అదే అతుకు వేసుకుంటోంది! దాంతో గుల్ల సొంతమేనని తేలింది.

రెండో ఆవిడ ఆనా థిన్. భర్త లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిలో పెద్ద పదవిలో ఉండేవాడు. 1846లో టార్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్లినప్పుడు రాళ్ల మీద బతికున్న పగడాలు చూసి, ఇంటికి తెచ్చుకోవాలనుకుంది. దారిలో దెబ్బ తగలకుండా వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, జాడీలో సముద్రపు నీళ్లు పోసి లండన్ తెచ్చింది. ఇంట్లో సూది పట్టినవాళ్లకే తోచే ఉపాయం కదా!

తేవడం ఒక ఎత్తు, బతికించడం ఇంకో ఎత్తు. మొదట్లో రోజు విడిచి రోజు నీళ్లు మార్చేది. లండన్‌లో అన్ని సముద్రపు నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? అందుకని ఉన్న నీళ్లకే గాలి తగిలేలా చేసింది. ఇంట్లో పనమ్మాయి తెరిచిన కిటికీ ముందు నిలబడి, మనం వేడిపాలు తిరగబోసినట్టు, ఆ నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట సేపు పోసేది. రోజూ అదే పని. 1847లో ఆనా ఆ నీళ్లలో సముద్రపు నాచు కూడా వేసింది. పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి. ఆవిడ రాసుకున్న విషయాలు 1859లో ఒక సైన్సు పత్రికలో అచ్చయ్యాయి. పగడాలను నిలబెట్టిన చేతులు మాత్రం కథలో 'పనమ్మాయి'గానే మిగిలిపోయాయి.

ఇదంతా నేను చదవడానికి కారణం మా ఇంట్లో మొదలైన ముచ్చట. మావారూ మా అబ్బాయీ చిన్న ఉప్పునీటి అక్వేరియం పెడదామని ఒకటే పట్టు. తొట్టె ఎంతవుతుంది, లైటు ఎంతవుతుంది అని లెక్కలు వేస్తున్నారు. నాకు మాత్రం కిటికీ ముందు నిలబడ్డ ఆ అమ్మాయే కనిపిస్తోంది.

ఇప్పుడు ఆ పని పంపు చేస్తుంది, నిజమే. మిగతా పనులు మనుషులవే. శుద్ధి చేసిన ఆర్‌ఓ నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలపాలి, వంటింటి ఉప్పు పనికిరాదు. వేడి 25 డిగ్రీల దగ్గర నిలవాలి. తొట్టె పెట్టగానే చేపలు వేయకూడదు. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు రాళ్ల మీద పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు ఆవిరైతే ఉప్పు లోపలే ఉండిపోతుంది కాబట్టి తరిగిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. తొట్టె చిన్నదైతే పని తక్కువ అనుకుంటాం. నిజానికి నీళ్లు ఎంత తక్కువైతే అంత తొందరగా పాడవుతాయి. ఇక కరెంటు పోయి పంపు ఆగితే ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని తిరగబోయాల్సిందే, 1846లో లాగే!

ఇంకో మాట. గాస్ పుస్తకాల తర్వాత ఇంగ్లండులో ఇది పిచ్చిగా మారి, జనం తీరాల మీదపడి రాళ్ల మధ్య ఉన్న జీవాలను ఊడ్చేశారు. కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో ఆ సంగతి బాధతో రాశాడు. మన దేశంలో రాతి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా రహస్యంగా అమ్ముతామన్నా కొనకండి.

నేను వద్దనలేదు. పగడాలు లేకుండా, రాళ్లూ నీళ్లూ ఉన్న తొట్టె పెట్టుకోమన్నాను. ఆరు వారాలు తప్పకుండా వాళ్లిద్దరే చూసుకుంటే ఆ తర్వాత రెండు క్లౌన్ చేపలు. పక్కన గోడకి ఒక కాగితం అంటించారు: తారీఖు, ఉప్పు, వేడి. నాలుగో గడి నేను గీశాను. ఆ రోజు నీళ్లు పోసినవాళ్ల పేరు రాయడానికి.