లిస్టులో లేని అడవి: కంచ గచ్చిబౌలి వెనక ఉన్న పాత తీర్పు

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న. ఊరి చివర వందల ఎకరాల్లో చెట్లున్నాయి. జింకలు, నెమళ్లు తిరుగుతున్నాయి. కానీ ప్రభుత్వ రికార్డులో "అడవి" అనే మాట లేదు. మరి అది అడవేనా, కాదా?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవకి మూలం ఈ ప్రశ్నే. రెవెన్యూ రికార్డులో ఆ భూమి పేరు "కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ". కంచ అంటే పశువులు మేసే బీడు. అస్తబల్ అంటే గుర్రపుశాల. పేరులో మేత ఉంది, అడవి లేదు. ఇది అటవీ భూమి కాదని ప్రభుత్వం కూడా గట్టిగానే వాదించింది.

2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ భూమిని ఐఎంజీ భారత అనే సంస్థకి ఇచ్చింది. 2006లో రద్దు చేసింది. కేసు 2024 దాకా నడిచి, చివరికి భూమి ప్రభుత్వానిదే అని తేలింది. ఈ లోపల అక్కడ చెట్లు మాత్రం కోర్టు వాయిదాల కోసం ఆగలేదు, పెరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు 1996కి వెళ్దాం. నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో కలప కోసం అడవి నరికేస్తున్నారని గోదవర్మన్ తిరుముల్పాడ్ అనే పెద్దాయన 1995లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1996 డిసెంబర్ 12న కోర్టు చెప్పిన మాట దేశం మొత్తానికీ వర్తించింది: అడవి అంటే నిఘంటువులో ఏ అర్థం ఉందో అదే. భూమి ఎవరి పేరు మీద ఉన్నా సరే. అలాంటి చోట వేరే పని చేయాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి.

కోడ్ రాసినవాడిగా నాకు ఇది బాగా అర్థమైంది. డెఫినిషన్ మారితే అవుట్‌పుట్ మారిపోతుంది. కానీ డేటా ఎక్కించకపోతే ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? అలాంటి అడవుల్ని గుర్తించడానికి నెల రోజుల్లో నిపుణుల కమిటీలు వేయమని కోర్టు అప్పుడే రాష్ట్రాలకి చెప్పింది. 2025 మార్చిలో కూడా మళ్లీ అదే చెప్పాల్సొచ్చింది.

అదే నెల చివర్లో, ఉగాది, రంజాన్ సెలవుల్లో, కంచ గచ్చిబౌలిలోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు చదునైపోయాయని కోర్టుకి రిపోర్టు అందింది. చెట్లు కొట్టడానికి అనుమతులు తీసుకున్నారా? అంత తొందరేమొచ్చింది? అని కోర్టు అడిగింది.

అడవి కాదు అనుకున్నా సరే, మనకి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్టు మూడింటినీ కలిపి చూసే చట్టం ఇది. కొన్ని రకాలకి మినహాయింపు ఉన్నా, మామూలుగా చెట్టు కొట్టాలంటే ముందు అధికారి అనుమతి కావాలి.

అందుకే మీ కాలనీ పక్కన మెషిన్ సౌండ్ వినిపిస్తే రెండు ప్రశ్నలు అడగండి. వాల్టా అనుమతి ఎక్కడ? ఈ చోటు అడవుల లిస్టులో ఉందా, అసలు కమిటీ వచ్చి చూసిందా? చెట్లు పడిపోయాక వచ్చే స్టే ఆర్డర్ మిగిలినవాటినే కాపాడుతుంది. ఆ 100 ఎకరాల్ని కాపాడలేకపోయింది కదా.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.