దోహా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్

ఖతర్ రాజధాని దోహాలో షేఖా అల్ మయాసా 2010లో ఈ సంస్థను స్థాపించారు. గల్ఫ్ హాళ్లలో హాలీవుడ్, ఇండియా సినిమాలదే సందడి. అరబ్ కుర్రాళ్ల దగ్గర కథలున్నా తీయడానికి పైసలుండవు. మొదటి, రెండో సినిమా తీసేవాళ్లకు ఈ సంస్థ గ్రాంట్లిస్తుంది. జోర్డాన్ ఎడారిలో, ఎక్కువగా ఎన్నడూ కెమెరా ముందు నిలబడని బదూ జనంతో తీసిన ‘థీబ్’కూ ఈ సాయం అందింది. తోడేలు అని అర్థం. 2016లో అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

2015లో మొదలైన ‘కుమ్రా’లో పేరున్న దర్శకులు కొత్తవాళ్లకు మెళకువలు చెబుతారు. 2013 నాటి ‘అజ్యాల్’ ఫెస్టివల్ మాత్రం మరీ ముచ్చటైనది. అజ్యాల్ అంటే తరాలు. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా జ్యూరీలో కూర్చుని, సినిమా చూసి, వాదించుకుని, బహుమతి ఎవరికో వాళ్లే తేల్చేవారు.