మామయ్యగారి రేకు పెట్టె

లాలాగూడలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు అటక మీది రేకు పెట్టెని పాత పేపర్లవాడికి వేసేయబోయాను. తూకానికి కూడా సిద్ధమయ్యాడు. మా మామయ్యగారు పరుగున వచ్చి దాని మీద కూర్చున్నారు.

అందులో ఉన్నవి మేజిక్ షోల కరపత్రాలు, సగం చింపిన టిక్కెట్లు, మెజీషియన్లు సంతకం చేసి రాసిన జాబులు. ఆట చూసొచ్చి ఈయన ఉత్తరం రాస్తే కొందరు జవాబిచ్చేవారట. "పాటకి రికార్డు ఉంటుంది, నాటకానికి పుస్తకం ఉంటుంది. వీళ్ళకి ఈ కాగితాలే కదమ్మా" అన్నారు.

ఆయనకి దేవుడు పి.సి. సర్కార్. అసలు ఇంటిపేరు 'సర్కార్' అయితే, ఇంగ్లీషులో మాంత్రికుణ్ణి 'సార్సరర్' అంటారు కదా, దానికి దగ్గరగా ఉండాలని స్పెల్లింగు మార్చుకున్నాడట. అంటే సంతకం కూడా ఆయన ఆటలో భాగమే! 1956 ఏప్రిల్‌లో బీబీసీలో ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసిన వెంటనే కార్యక్రమం ముగిసిపోయింది. పిల్ల చచ్చిపోయిందని జనం ఫోన్ల మీద ఫోన్లు. లండన్‌లో ఆయన టిక్కెట్లు అమ్ముడుపోయాయి. 1971 జనవరిలో జపాన్ పర్యటనలోనే పోయాడు.

ఈ సేకరణ పిచ్చి మామయ్యగారొక్కరిదే కాదు. అమెరికాలో హుడినీ తన జీవితమంతా మేజిక్ పుస్తకాలు, పాత ఇంద్రజాలికుల జాబులు పోగేశాడు. ఆయన పోయాక 1927లో దాదాపు 4,000 పుస్తకాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. హుడినీ గారి ఆవిడ ఎన్ని అటకలు సర్దిందో పాపం!

ఇక నా సంగతి. 2010లో తపాలాశాఖ సర్కార్ బొమ్మతో స్టాంపు వేసింది. మామయ్యగారు మావాడికి అది కొనిచ్చారు. దాంతో వాడికి స్టాంపుల పిచ్చి పట్టింది. "ఇంకా పాతవి కావాలమ్మా" అని ఏడిస్తే, ఆ పెట్టెలోని కవర్ల మూలలు కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి స్టాంపులు ఊడదీసిచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

2025 జూన్ 30న బి.వి. పట్టాభిరామ్ గారు పోయిన వార్త టీవీలో వచ్చింది. ఎఫ్‌సీఐలో ఉద్యోగం చేస్తూనే మేజిక్‌తో మన ఇళ్ళల్లోకి వచ్చిన మనిషి. మామయ్యగారు పెట్టె దింపించి, జాబులన్నీ ఏళ్ళ వరసలో పెడతానన్నారు. చాలా జాబుల్లో 'క్యాంపు, సికింద్రాబాద్' అనే ఉంది, తేదీ లేదు. ఏడాది తెలిసేది కవరు మీది తపాలా ముద్ర వల్లే. అది నా కత్తెరకి పోయింది.

చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు, కళ్ళజోడు తుడుచుకున్నారు. అత్తయ్య మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మావాడి ఆల్బమ్ వెతికి తీశాం. స్టాంపు మీద సగం ముద్ర, కవరు మీద మిగిలిన సగం. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక ఇద్దరం భూతద్దం పెట్టుకుని గీతకి గీత కలుపుతున్నాం. ఇప్పటికి మూడు కలిశాయి.