లాల్‌బాగులో సామర్లకోట

ఊరి నుంచి చుట్టాలొస్తే బెంగుళూరు తెలుగువాళ్లం ముందుగా తీసుకెళ్లేది లాల్‌బాగుకే. గాజుమేడ, చెరువు, కెంపేగౌడ గోపురం ఉన్న బండ చూపిస్తాం. చెట్టు నీడన పులిహోర పొట్లాలు విప్పుతాం. సాయంత్రానికి ఇల్లు చేరతాం. ఆ 240 ఎకరాల తోటకూ మన భాషకూ రెండువందల ఏళ్ల నాటి చుట్టరికం ఒకటుంది. దాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

తోటను 1760లో హైదరాలీ వేయించాడు, టిప్పు పెంచాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అది ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ తరఫున దాన్ని చూసుకున్న బెంజమిన్ హైన్ జర్మన్ వైద్యుడు. బెంగుళూరు రాకముందు ఆయన పనిచేసింది గోదావరి సీమలోని సామర్లకోటలో. అక్కడి కంపెనీ తోట ఆయన అధీనంలో ఉండేది.

హైన్‌కు ముందు ఆ తోటను నడిపినవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండు నుంచి 1776లో మద్రాసు వచ్చిన ఈ వైద్యుడు, 1781 ప్రాంతంలో సామర్లకోట చేరాడు. అక్కడ మిరియం, నీలిమందు, చెరకు సాగు చేయించి చూశాడు. చుట్టుపక్కల కొండల్లో, పొలాల్లో దొరికిన మొక్కలకు మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు గాని, కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన రాసిన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో అచ్చయింది. అందులో లాటిన్ పేరుతో పాటు చాలా మొక్కలకు 'తెలింగులు పిలిచే పేరు' కూడా ఇచ్చాడు.

ఇది భాష మీది ప్రేమ మాత్రమే కాదు. కంపెనీకి కావలసింది రంగు, కలప, మందు. చిరివేరు అద్దకానికి ఎర్ర రంగునిచ్చేది. దాన్ని ఎలా పండిస్తారో, బట్టకు రంగు ఎలా పట్టిస్తారో రాక్స్‌బర్గ్ వివరంగా రాశాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని తెలిసి, సింకోనా బెరడుకు బదులుగా వాడవచ్చునని ప్రచారం చేశాడు. స్థానికుల పేరు తెలియకపోతే ఆ సరుకును మళ్లీ తెప్పించుకోవడం కష్టం. అలా లాభం కోసం రాసుకున్న పేర్లే ఇవాళ మనకు ఆస్తి అయ్యాయి. తరువాత 1830లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ చెట్టుకు 'సోయ్‌మిడా' అనే ప్రజాతి పేరే పెట్టాడు. మన అడవి మాట ప్రపంచ వృక్షశాస్త్రంలో అలా నిలిచిపోయింది.

హైన్ మన కన్నడసీమకు వచ్చింది కాలిన్ మెకంజీ నడిపిన మైసూరు సర్వేతో. ఆ సర్వేలోనే మెకంజీకి కుడిభుజంగా కావలి వెంకట బొర్రయ్య పనిచేశాడు. ఊరూరా శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరించిన తెలుగువాడాయన. ఆయన పేరు చరిత్రలో మిగిలింది. రాక్స్‌బర్గ్‌కు సోమిద, చిరివేరు అని చెప్పిన వైద్యుల పేర్లు గాని, కట్టెలు కొట్టేవాళ్ల పేర్లు గాని మిగలలేదు. బొమ్మలు వేసిన చేతులదీ అదే గతి. మొక్కల శాస్త్రీయ నామాలు పూర్తిగా రాస్తే కొన్నింటి చివర 'రాక్స్‌బ్.' అని పొడిగా కనిపిస్తుంది. ఆ పొడి అక్షరాల వెనక ఊరూ పేరూ లేని మనవాళ్లు ఎందరో ఉన్నారు.

మొన్న లాల్‌బాగులో నా మనవరాలు ఒక పలక మీద 'హొన్నె' అని కన్నడంలో గడగడా చదివింది. రాక్స్‌బర్గ్ నామకరణం చేసిన చెట్టే అది. "దీన్ని మనం వేగిస అంటామమ్మా. దీని కర్రతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచి, చక్కెర జబ్బువాళ్లు పొద్దున్నే తాగుతారు" అన్నాను. "మన ఇంట్లో ఎవరూ అనరే తాతయ్యా" అంది. నిజమే. అడవికీ పొలానికీ దూరమై నగరంలో స్థిరపడిన ఇళ్లలో ముందుగా జారిపోయేవి చెట్ల పేర్లే. వంటింటి మాటలు ఇంకా కొంతకాలం నిలుస్తాయి.

కన్నడం పేరు మనకు పరాయిది కాదు. కన్నడిగుల మత్తి, మన మద్ది పక్కపక్కన పెట్టి చూస్తే అక్కాచెల్లెళ్లని తెలుస్తుంది. పిల్లలు హొన్నె అనడం మంచిదే. దానితో పాటు వేగిస అని కూడా అనగలిగితే వాళ్లకు రెండు పేర్లు దక్కుతాయి. ఎవరి పేరూ తగ్గదు.

తోటకు వెళ్లేటప్పుడు పులిహోర పొట్లంతో పాటు ఒక నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లమని నా సలహా. ఇంటి పెద్దలకు తెలిసిన చెట్టు పేరు ఒక్కటైనా అందులో రాయించండి. కంపెనీ వైద్యుడు లాభం కోసం అడిగి రాసుకున్న మాటలను, మన పిల్లల కోసం మనమే అడిగి రాసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.